చిన్న పిల్లలతో పల్లెకు రెండు రోజులు: గది ఖాయం చేసేముందే అడగాల్సినవి

ఐదేళ్లలోపు పిల్లలతో వెళ్తుంటే ఫొటోలు చూసి గది ఖాయం చేయకండి, ముందు ఫోన్ చేయండి. చుట్టుపక్కల బావి, చెరువు, కాలువ ఉన్నాయా? ఉంటే మూతో కంచో ఉందా? పసిపిల్లలు మునగడానికి జానెడు లోతు నీళ్లు చాలు, అదీ చప్పుడు లేకుండా జరిగిపోతుంది. అందుకే ఈ ప్రశ్నే మొదటిది. తర్వాత కుక్కల సంగతి, కరెంటు పోతే ఏర్పాటు, రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి ఎంత దూరమో కనుక్కోండి. సిగ్నల్ ఉండకపోవచ్చు, దారి మ్యాప్ ఇంటి దగ్గరే ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి.

ప్రయాణం పిల్లల మధ్యాహ్నం నిద్ర వేళకు కలిసేలా బయల్దేరితే సగం పేచీ తగ్గుతుంది. రెండు గంటలకోసారి ఆగి కాళ్లు సాగనివ్వండి. వాంతులయ్యే పిల్లలకు కదిలే బండిలో ఫోన్, బొమ్మల పుస్తకం ఇవ్వొద్దు. దూరంగా ముందుకి చూడమనండి.

సంచిలో థర్మామీటరు, టార్చి, పొడుగు చేతుల చొక్కాలు, ఓఆర్ఎస్ (వాంతులు, విరేచనాలైతే నీళ్లలో కలిపి తాగించే ఉప్పు-చక్కెర పొడి) తప్పనిసరి. ఓఆర్ఎస్ విషయంలో చాలామంది పొరపాటు చేస్తారు: లీటరు ప్యాకెట్‌ని గ్లాసుడు నీళ్లలో కలిపేస్తారు. ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం. ప్యాకెట్ మీదున్న కొలత ప్రకారం, కాచి చల్లార్చిన నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. 24 గంటలు దాటితే మిగిలింది పారబోయాలి.

రోజుకు ఒక్క కార్యక్రమం చాలు, అదీ పొద్దున్నే పెట్టుకోండి. సాయంత్రం మట్టిలో ఆడుకోనివ్వండి.