ఇంటి నెట్‌వర్క్, మూడవ పాఠం: రౌటర్‌కు తగిలించిన డ్రైవ్‌ను ఇంటిల్లిపాదీ వాడుకోవడం

రౌటర్ సెట్టింగుల పేజీని తెరవడం, దాని పాస్‌వర్డ్ మార్చడం గత పాఠంలో నేర్చుకున్నాం. అదే రౌటర్ వెనుక, చాలా ఇళ్లలో దుమ్ము పట్టి ఖాళీగా ఉండే యూఎస్‌బీ పోర్టును ఈసారి పనిలో పెడదాం. నెల్లూరు వేదాయపాళెంలోని మా ఇంట్లో రౌటర్ పై మిద్దెలో ఉంటుంది, కంప్యూటరు, టీవీ కింద ఉంటాయి. చెల్లెలి పెళ్లి వీడియో ఎవరు అడిగినా పెన్‌డ్రైవ్ పట్టుకొని మెట్లెక్కి దిగడమే నా పనిగా ఉండేది. దాన్ని రౌటర్‌కు తగిలించిన రోజు మా అమ్మ, "పైన గుచ్చితే కింద టీవీలోకి ఎట్లా వస్తాదిరా?" అని అడిగింది. ఈ పాఠమంతా ఆ ప్రశ్నకు జవాబే. రౌటర్ కూడా ఒక చిన్న కంప్యూటరు. దానికి తగిలించిన క్షణం నుంచి డ్రైవ్ దాని అధీనంలోకి పోతుంది. మన ఫోన్లూ టీవీలూ ఫైళ్లను రౌటర్‌నే అడిగి పుచ్చుకుంటాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద చెప్పబోయే చిక్కులన్నీ ఎందుకు వస్తాయో మీకే అర్థమవుతుంది.

మొదటి చిక్కు ఫార్మాట్‌ది, అంటే డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చి పెట్టే తీరుది. డ్రైవ్‌ను చదవవలసింది రౌటర్ కనుక, దానికి తెలిసిన ఫార్మాట్‌లోనే డ్రైవ్ ఉండాలి. ఫ్యాట్32ను దాదాపు అన్ని రౌటర్లూ చదువుతాయి గానీ, అందులో ఒక్కొక్క ఫైలు 4 జీబీ లోపే ఉండాలి. మా పెళ్లి వీడియో 5.6 జీబీ. డ్రైవ్‌లో 20 జీబీకి పైగా ఖాళీ కనబడుతూనే ఉన్నా, ఫైలు మరీ పెద్దదన్న సందేశం వచ్చి కాపీ మొదలు కాలేదు. డ్రైవ్ చెడిపోయిందనుకొని ఆ సాయంత్రమంతా వృథా చేసుకున్నాను. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఈ పరిమితి అడ్డు రాదు, ఇప్పటి రౌటర్లలో చాలా వాటికి అది తెలుసు. ఎక్స్‌ఫ్యాట్‌ను అన్ని రౌటర్లూ గుర్తించవు కాబట్టి, మీ రౌటర్ పుస్తకంలో ఆ పేరు కనిపిస్తేనే దాని జోలికి వెళ్లండి. ఫార్మాట్ మారిస్తే డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ముందు వేరేచోట కాపీ తీసి పెట్టుకోండి.

రెండవది కరెంటు. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. పెన్‌డ్రైవ్‌కు ఇది చాలు. లోపల పళ్లెం తిరిగే హార్డ్‌డిస్కు మాత్రం తిరగడం మొదలుపెట్టేటప్పుడు అంతకంటే ఎక్కువ లాగవచ్చు. డిస్కు టిక్కుటిక్కుమంటూ కనిపిస్తూ మాయమవుతూ ఉంటే సొంత అడాప్టరు ఉన్న డిస్కుగానీ, అడాప్టరుతో వచ్చే యూఎస్‌బీ హబ్‌గానీ వాడండి.

ఇక సెట్టింగులు. డ్రైవ్ తగిలించి ఒక నిమిషం ఆగి, 192.168.1.1 లేదా 192.168.0.1 అనే చిరునామాలో, అంటే గత పాఠంలో మీరు రాసిపెట్టుకున్న చిరునామాలో, రౌటర్ పేజీని తెరవండి. కంపెనీని బట్టి పేరు మారుతుంది గానీ, యూఎస్‌బీ, స్టోరేజ్, ఫైల్ షేరింగ్ అన్న మాటల్లో ఏదో ఒకటి మెనూలో ఉంటుంది. అక్కడ డ్రైవ్ పేరు, ఖాళీ జాగా కనిపిస్తే ఫార్మాట్ సరిపోయినట్లే. సాంబా అనో, నెట్‌వర్క్ నైబర్‌హుడ్ అనో (రెండూ నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే సదుపాయానికి పేర్లే) ఉన్న చోట టిక్కు పెట్టి, ఒక యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఏర్పాటు చేయండి. పాస్‌వర్డ్ లేకుండా అందరినీ రానిచ్చే గెస్ట్ పద్ధతి సులువుగా కనిపిస్తుంది గానీ, కొత్త విండోస్‌లు దాన్ని చాలాసార్లు ఒప్పుకోవు. ఇంటర్నెట్ ద్వారా బయటినుంచి డ్రైవ్‌ను తెరవనిచ్చే టిక్కు కూడా అదే పేజీలో ఉండవచ్చు. దాన్ని తీసివేయండి, ఇంటి ఫైళ్లతో ఊరికి పనేముంది?

విండోస్ కంప్యూటరులో విండోస్ కీని, ఆర్ కీని కలిపి నొక్కి, వచ్చిన చిన్న గడిలో \\192.168.1.1 అని మీ రౌటర్ చిరునామా కొట్టండి. ముందున్న రెండు గీతలూ ఎంటర్ కీకి దగ్గరగా ఉండే వెనక్కి వాలిన గీతలు. ప్రశ్నార్థకం కీ మీద ఉండే గీత కొడితే పని జరగదు. పేరూ పాస్‌వర్డూ అడిగినప్పుడు రౌటర్‌లో పెట్టుకున్నవి ఇవ్వాలి, కంప్యూటరువి ఇస్తే తలుపు తెరుచుకోదు. ఫోల్డరు కనిపించాక దానిపై రైట్ క్లిక్ చేసి మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్ ఎంచుకుంటే, ఇకమీదట అది డీ డ్రైవ్, ఈ డ్రైవ్‌ల సరసన ఒక అక్షరంతో కూర్చుంటుంది.

ఈ దశలో ఎస్‌ఎమ్‌బీ1 అనే, నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి భద్రం కాదంటూ విండోస్ అడ్డుకుంటే కంగారు పడకండి. 2017 మే నెలలో ప్రపంచమంతా పాకిన వానాక్రై అనే వైరస్ ఆ పద్ధతిలోని లోపాన్నే వాడుకుంది. అదే ఏడు అక్టోబరులో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి, కొత్తగా వేసుకునే విండోస్‌లో అది ముందుగా ఉండటం లేదు. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి దాన్ని మళ్లీ ఆన్ చేయమని సలహా ఇచ్చేవారు మన చుట్టూ చాలామంది ఉన్నారు, నేను మాత్రం వద్దంటాను. ముందు రౌటర్ ఫర్మ్‌వేర్‌ను, అంటే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ను, అప్‌డేట్ చేసి చూడండి. అప్పటికీ కుదరకపోతే, ఫైళ్లు పంపుకునే మరో పద్ధతి అయిన ఎఫ్‌టీపీని ఇంటి వరకే పరిమితం చేసి వాడుకోండి.

ఫోన్లో నెట్‌వర్క్ సదుపాయం ఉన్న ఫైల్ మేనేజర్‌లోనైనా, వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లోనైనా అదే చిరునామా, అదే పాస్‌వర్డ్ పనిచేస్తాయి. టీవీకైతే రౌటర్‌లో మీడియా సర్వర్, అంటే డీఎల్‌ఎన్‌ఏ, ఆన్ చేస్తే చాలు. కొన్ని టీవీల్లో తెలుగు ఫైలు పేర్లు ఖాళీ గడులుగా కనబడతాయి.

వేగం విషయంలో అత్యాశ పెట్టుకోకండి. 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) లాన్ పోర్టు, అంటే నెట్‌వర్క్ తీగ పెట్టే రంధ్రం, ఉన్న రౌటర్ నుంచి తీగ ద్వారా సెకనుకు 12 మెగాబైట్లకు మించి రావు. మా వీడియో కాపీ కావడానికి ఆ లెక్కన ఎనిమిది నిమిషాలు పడుతుంది. వైఫైలో, అందులోనూ రెండు గోడల అవతల, ఇంకా ఎక్కువ సమయమే. అయితే చూడటానికి కాపీ చేయనక్కర లేదు, నేరుగా నడుస్తుంది. ఇంకో విచిత్రం: యూఎస్‌బీ 3.0 డ్రైవ్ వెలువరించే విద్యుత్ రొద 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫైకి అడ్డుపడుతుంది. డ్రైవ్ తగిలించిన తరువాతే వైఫై మందగించిందంటే, పొట్టి ఎక్స్‌టెన్షన్ కేబులుతో దాన్ని యాంటెనాలకు దూరంగా జరపండి.

చివరగా, డ్రైవ్‌ను తీయడం. దాన్ని పట్టుకున్నది రౌటర్ కనుక, రౌటర్ పేజీలోనే సేఫ్‌లీ రిమూవ్ నొక్కి తరువాత లాగాలి. తుపాను రోజుల్లో గంటకు నాలుగుసార్లు కరెంటు పోయి వచ్చే మన జిల్లాలో ఇదొక్కటే చాలదు. ఫైలు రాస్తుండగా కరెంటు పోతే ఆ ఫైలు సగంలో తెగిపోతుంది, ఒక్కోసారి డ్రైవ్ మొత్తం చదవరాకుండా పోతుంది. రౌటర్‌కు పెట్టే 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి కొనుక్కోండి, కొనేముందు మీ రౌటర్ అడాప్టరు మీద అచ్చువేసిన వోల్టులూ ఆంపియర్లూ సరిచూసుకోండి.

అభ్యాసం: పాత పెన్‌డ్రైవ్ ఒకటి తగిలించి, కంప్యూటరు నుంచి దానిలోకి ఒక ఫోటో పంపి, ఫోన్లో దాన్ని తెరవండి. తరువాత రౌటర్‌ను ఆపి మళ్లీ వేసి, మ్యాప్ చేసిన అక్షరం దానంతట అదే తెరుచుకుంటోందో లేదో చూసి రాసి పెట్టుకోండి. డ్రైవ్‌లోని ఫైళ్లకు వారానికొకసారి రెండో కాపీ తీసే పద్ధతిని నాలుగవ పాఠంలో మొదలుపెడదాం.