వాక్యంలో ఇంటిపేరు – నాలుగో పాఠం

ఊరు, నాడు, ఇల్లు వంటి మాటలు విభక్తి చేరే ముందు ఊరి, నాటి, ఇంటి అని మారతాయని, ఇటువంటివాటిని ఔపవిభక్తికాలు అంటారని గత పాఠంలో చూశాం. తెలుగు ఇంటిపేర్లలో చాలావాటికి ఆ సూత్రమే మూలం. ముందుగా ఈ రెండు వాక్యాలను పైకి చదవండి.

మాది కందుకూరు.
మేము కందుకూరి వారం.

మొదటి వాక్యం ఊరిని చెబుతుంది, రెండోది వంశాన్ని చెబుతుంది. ఊరిపేరు ఇంటిపేరుగా మారినప్పుడు ‘కందుకూరుకు చెందిన’ అనే అర్థం ఆ చివరి ఇకారంలోనే ఇమిడిపోయింది. అందుకే ‘మా ఇంటిపేరు కందుకూరి’ అంటామే తప్ప, ‘కందుకూరు’ అని వెనక్కి తిప్పము. పాడుతో ముగిసే ఊళ్లు ఇదే విధంగా ‘పాటి’ అవుతాయి. గురజాడ, రాచకొండ వంటివి మాత్రం ఏ మార్పూ లేకుండా నిలుస్తాయి.

చెందినట్టు సూచించే మాట కనుక ఇంటిపేరు తన తరువాత మరొక మాటను కోరుతుంది. కందుకూరి వీరేశలింగం, కందుకూరి వారి కోడలు, కందుకూరి వారబ్బాయి అన్నప్పుడు చెవికి లోటు తోచదు. దరఖాస్తు ఫారాల పుణ్యమా అని ‘వీరేశలింగం కందుకూరి’ అని తిరగేసి రాస్తే, కందుకూరి ఎవరు, ఏమిటి అన్న ప్రశ్న గాలిలో వేలాడుతుంది. ఫారంలో తప్పదు గాని, వ్యాసంలో ఆ వరుసను రానివ్వకండి.

విభక్తి ప్రత్యయం, గౌరవవాచకం రెండూ పూర్తి పేరు చివరనే చేరతాయి.

1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషనుపై జరిగిన దాడికి అల్లూరి సీతారామరాజు నాయకత్వం వహించాడు.
ఆ దాడి అల్లూరి సీతారామరాజుకు మన్యమంతటా పేరు తెచ్చింది.

‘గారు’ వ్యక్తిపేరుకు, ‘వారు’ ఇంటిపేరుకు నప్పుతాయి: వీరేశలింగం గారు, కందుకూరి వారు. ‘కందుకూరి గారు’ ఈమధ్య వినిపిస్తున్నా, రాతలో నేను వాడను.

ప్రసిద్ధుల విషయంలో ఇంటిపేరు ఒక్కటే వ్యక్తిపేరుగా నిలబడుతుంది, అప్పుడు ప్రత్యయం నేరుగా దానికే చేరుతుంది: గురజాడను, గురజాడకు, గురజాడతో. విశాఖపట్నం సిరిపురంలోని గురజాడ కళాక్షేత్రం ఎవరి పేరిట వెలసిందో చెప్పడానికి అప్పారావు అన్న మాట అవసరం పడలేదు. 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లా పేరు అల్లూరి సీతారామరాజు జిల్లా అయినా, నోటిమాటలో అది ‘అల్లూరి జిల్లా’ అయిపోయింది. ఈ వెసులుబాటు మామూలు మనుషులకు వర్తించదు. పక్కింటాయనను ఇంటిపేరుతో మాత్రమే పిలిస్తే ఆయన పలకకపోవచ్చు.

ఇంటిపేరు పొట్టి అక్షరంగా కూడా దాగి ఉంటుంది. రాచకొండ విశ్వనాథశాస్త్రి రావిశాస్త్రి అయినప్పుడు మొదటి ‘రా’ ఇంటిపేరుదే. మన విశాఖపట్నంలోని ఏ.వి.ఎన్. కళాశాల పేరులో ‘ఏ’ అంటే అంకితం, అంటే అంకితం వెంకట నర్సింగరావు ఇంటిపేరు.

అభ్యాసం: కింది వాక్యాలను సరిచేసి, ఒక్కొక్కదానికి కారణం ఒక వాక్యంలో రాయండి.

మా ఇంటిపేరు కందుకూరు.
గురజాడకు అప్పారావుకు సభలో నివాళులర్పించారు.
మా అత్తవారు అల్లూరు వారు.
రాచకొండ గారు విశ్వనాథశాస్త్రి విశాఖలో న్యాయవాదిగా పనిచేశారు.

జవాబులు ఐదో పాఠం మొదట్లో ఉంటాయి.