ఫోర్‌స్ట్రోక్ మోడల్ విమానం ఇంజన్ – 3వ పాఠం: ముందు ట్యాపెట్, ఆ తర్వాతే నీడిల్

పోయిన పాఠంలో కొత్త ఇంజన్‌ను రిచ్ మిక్స్చర్ (గాలికన్నా ఫ్యూయల్ పాలు ఎక్కువగా ఉన్నది) మీద నడిపి అరగదీశాం. ఇప్పుడు ట్యూనింగ్‌కు వద్దాం. టూస్ట్రోక్ అలవాటున్నవాళ్లు ఇంజన్ కాస్త మొరాయించగానే నీడిల్ (ఫ్యూయల్ ఎంత వెళ్లాలో సరిచేసే స్క్రూ) పట్టుకుంటారు. ఫోర్‌స్ట్రోక్‌లో ఆ వరస వద్దు. వాల్వ్ గ్యాప్ (వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు, అదే ట్యాపెట్ సెట్టింగ్) సరిగా లేకపోతే నీడిల్ ఎంత తిప్పినా ఇంజన్ దారికి రాదు.

తిరుపతిలో ఏ బైక్ మెకానిక్‌ను అడిగినా ట్యాపెట్ సెట్టింగ్ అంటే చెబుతారు. ఇక్కడా అదే పని, కొలతే బాగా చిన్నది. ఓఎస్ కంపెనీ ఇంజన్లకు 0.04 నుంచి 0.10 మి.మీ., సైటో కంపెనీవాటికి 0.03 నుంచి 0.10 మి.మీ. ఇంజన్ పూర్తిగా చల్లారాకే చూడాలి. వేడెక్కితే అల్యూమినియం సిలిండర్ స్టీల్ పుష్‌రాడ్ల కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి గ్యాప్ పెరిగి కనిపిస్తుంది. ప్రాప్‌ను (ప్రొపెల్లర్‌ను) చేత్తో తిప్పుతూ కంప్రెషన్ బిగువు తగిలే చోట పిస్టన్‌ను పైకి తెచ్చి ఆపండి. అప్పుడు రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి. ఫీలర్ గేజ్‌లో (సందు కొలిచే పలచని రేకుల కట్టలో) 0.04 రేకు దూరాలి, 0.10 దూరకూడదు. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కొద్దిగా కదులుతుంది, అందుకే బిగించాక మళ్లీ కొలవండి. గ్యాప్ అసలు లేకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది. మరీ ఎక్కువైతే టకటక శబ్దం వస్తుంది, పవర్ తగ్గుతుంది.

ఇక మిక్స్చర్‌ను వేడి తీగతో మండించే గ్లో ప్లగ్ సంగతి. ఫోర్‌స్ట్రోక్ రెండు చుట్లకు ఒక్కసారే మండుతుంది. ఆ మధ్యలో చల్లారిపోని ప్లగ్ కావాలి. ఓఎస్ ఎఫ్ టైపు దీనికోసమే. స్టార్ట్ చేసేటప్పుడు ప్లగ్‌ను వేడిచేసే బ్యాటరీ క్లిప్ తీయగానే ఆర్‌పీఎం పడిపోతే ముందు ప్లగ్ మార్చి చూడండి.

ఇక మెయిన్ నీడిల్. టూస్ట్రోక్‌లో మిక్స్చర్ మారితే శబ్దమే మారిపోతుంది, ఇందులో చెవికి అంత తేడా తెలియదు. ఆర్‌పీఎం కొలిచే టాకోమీటర్ తప్పనిసరి. ఫుల్ థ్రోటిల్‌లో నీడిల్‌ను మెల్లగా మూస్తూ గరిష్ఠ ఆర్‌పీఎం కనుక్కోండి. అక్కడ ఆపవద్దు. మళ్లీ తెరిచి 200 నుంచి 300 ఆర్‌పీఎం తగ్గించండి. ఆ తగ్గించినదే మీ విమానాన్ని కాపాడేది. ట్యాంక్ ఖాళీ అయ్యేకొద్దీ, ముక్కు పైకెత్తినప్పుడూ మిక్స్చర్ లీన్ అవుతుంది, అంటే ఫ్యూయల్ పాలు తగ్గుతుంది. లీన్ అయితే డిటోనేషన్ (మిక్స్చర్ అదుపు తప్పి పేలడం) మొదలవుతుంది, ఇంజన్ ఎదురు తన్నుతుంది, ప్రాప్ నట్ వదులై ప్రాప్ ఊడి ఎగిరిపోతుంది. రెండు నట్లు వేసి బిగించండి, ఇంజన్ ముందుగానీ పక్కనగానీ ఎవ్వరినీ నిలబడనివ్వకండి. సెట్టింగ్ అయ్యాక ఇంకొకరి చేత విమానం ముక్కు నిలువుగా ఎత్తించి ఫుల్ థ్రోటిల్‌లో చూడండి. ఆర్‌పీఎం కుంగితే ఇంకా లీన్‌గా ఉన్నట్టే.

మెయిన్ నీడిల్ కుదిరాకే ఐడిల్ స్క్రూ (తక్కువ ఆర్‌పీఎంలో మిక్స్చర్ సరిచేసేది). 2,500 ఆర్‌పీఎం దగ్గర నడుస్తుండగా కార్బురేటర్ పక్కన ఫ్యూయల్ ట్యూబ్‌ను నొక్కి పట్టండి. కొద్దిగా పుంజుకుని రెండు మూడు సెకన్లకు ఆగిపోతే బాగున్నట్టు. వెంటనే ఆగితే లీన్, చాలాసేపు పుంజుకుంటూ పోతే రిచ్. ఒక్కోసారి ఎనిమిదో వంతు చుట్టు మించి తిప్పకండి.

మన ఊళ్లో ఒకే సెట్టింగ్ ఏడాదంతా పనికిరాదు. రోహిణి కార్తె ఎండల్లో గాలి పలచబడి మిక్స్చర్ రిచ్ అవుతుంది. ధనుర్మాసం పొద్దున చలికి గాలి చిక్కబడి అదే సెట్టింగ్ లీన్ అయిపోతుంది. ప్రమాదం చలికాలంలోనే ఎక్కువ, నీడిల్ రెండు మూడు క్లిక్కులు తెరిచి మొదలుపెట్టండి. సుమారు 700 మీటర్ల ఎత్తున్న మదనపల్లెకు వెళ్తే మళ్లీ మొదటి నుంచి సెట్ చేసుకోవాలి. ఫ్యూయల్‌లోని మిథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, కార్తీక మాసం వానల్లో డబ్బా మూత వదులుగా ఉంచకండి.

ఈ వారం చేయాల్సింది: చల్లని ఇంజన్‌లో రెండు గ్యాపులు కొలిచి, గరిష్ఠ ఆర్‌పీఎం, మీరు తగ్గించి పెట్టిన ఆర్‌పీఎం, నీడిల్ చుట్లు, ఆ రోజు వేడి నోట్‌బుక్‌లో రాసుకోండి. వచ్చే పాఠంలో బేరింగులకు తుప్పు ఎలా పడుతుందో, ఎగరేశాక ఏ నూనె ఎక్కడ వేయాలో చూద్దాం. ఆ లెక్కలు అప్పుడు కావాలి.