పాత మండువా ఇంట్లో ఏ గోడ ఎప్పటిదో ఎలా తెలుసుకోవాలి

మా విజయనగరం వైపు పల్లెల్లో మండువా ఇల్లు రిపేరు పెట్టుకునేవాళ్లు ఏదీ పగలగొట్టకముందే టార్చిలైటు పట్టుకుని అటక ఎక్కండి. ఇంటి అసలు వయసు దూలాలు, వాసాలే చెబుతాయి. ఇంగ్లండులో పాత రైతు ఇళ్లనీ ఇలాగే చూస్తారు. అక్కడ పైకప్పు కర్రలకు మసి పట్టి ఉంటే, ఒకప్పుడు హాలు మధ్యలో నేలమీదే మంట వేసేవారని, పొగగొట్టం, మేడగది తర్వాత వచ్చాయని అర్థం. మా ఇంట్లో పడగ్గది వాసాలు కూడా నల్లగా, వేలితో రాస్తే జిడ్డుగా తగిలాయి. అది పాత వంటిల్లే!

తర్వాత గోడలు. పెచ్చు ఊడిన చోట మేకుతో గీరండి: తెల్లగా పొడి రాలితే సున్నం, గీత కూడా పడకపోతే సిమెంటు. మన దేశంలో సిమెంటు తయారీ నిలదొక్కుకున్నది 1914లో పోర్‌బందర్ ఫ్యాక్టరీతోనే, కాబట్టి పల్లెటూళ్లో సిమెంటు గోడ అంతకు ముందుది కావడం అరుదు. రెండు గోడలు కలిసే మూలలో ఇటుకలు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటే ఒకేసారి కట్టినవి, నిలువుగా తిన్నటి అతుకు కనిపిస్తే ఒకటి తర్వాత ఆనించి కట్టింది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా, సున్నం గోడకి సిమెంటు ప్లాస్టరు వేయించకండి, లోపలి చెమ్మ బయటకు పోలేక గోడ గుల్లబారుతుంది. మేస్త్రి సులువని చెప్పినా సరే, సున్నం, ఇసుకే కలిపించండి.