స్మార్ట్ మిర్రర్‌కి ఫిల్మ్ అంటించాలా, టూ-వే గాజు కొనాలా?

స్మార్ట్ మిర్రర్ అంటే వెనక స్క్రీన్ పెట్టి, దాని మీది అక్షరాలు ప్రతిబింబంతో పాటే కనిపించేలా చేసిన అద్దం. దాని ముందుండే పలకగా మామూలు గాజుకు ఫిల్మ్ అంటించవచ్చు, లేదా పూతతో వచ్చే టూ-వే గాజు కొనవచ్చు. పలక కొనేటప్పుడు అడగాల్సిన అంకెలు రెండే: పడిన వెలుతురులో ఎంత శాతం వెనక్కి కొడుతుంది, వెనకున్న స్క్రీన్ వెలుతురులో ఎంత శాతం బయటికి వదులుతుంది. స్మార్ట్ మిర్రర్ల కోసం అమ్మే బీమ్ స్ప్లిటర్ (వెలుతురును రెండుగా విడదీసే) గాజులో ఇవి సాధారణంగా 70, 30. పరిశీలన గదులకు వాడే టూ-వే గాజు సుమారు 10 శాతమే వదులుతుంది. కిటికీలకు అంటించే వెండిరంగు ఫిల్మ్‌లలో 15, 20 శాతం వదిలే రకాలు బాగా దొరుకుతాయి. 250 నిట్ల (నిట్ అంటే స్క్రీన్ ప్రకాశానికి కొలమానం) మానిటర్‌ను 30 శాతం గాజు వెనక పెడితే కంటికి చేరేది 75 నిట్లు, 10 శాతం దాని వెనకైతే 25. వెలుతురు ధారాళంగా వచ్చే గదిలో 25 నిట్లతో అక్షరాలు చదవడం కష్టం.

అందుకే పెద్ద పలక కొనేముందు చిన్న ముక్క తెప్పించుకోండి. ఫోన్‌లో నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పెట్టి, బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి, ముక్క వెనక ఆనించి, చుట్టూ నల్ల గుడ్డ కప్పండి. అద్దం తగిలించబోయే గోడ దగ్గరే, పగలొకసారి, రాత్రి లైట్లు వేసి ఒకసారి చూడండి. మీ ఫోన్ మానిటర్ కంటే ప్రకాశవంతమైనదైతే ఆ తేడా లెక్కలోకి తీసుకోవాలి.

ఫిల్మ్ చవక. కష్టమంతా అంటించడంలోనే ఉంది. గాజును బ్లేడుతో గీకి, నూలుపోగులు రాలని గుడ్డతో తుడవాలి. అర లీటరు నీళ్లలో మూడు నాలుగు చుక్కల బేబీ షాంపూ కలపండి. ఫిల్మ్‌ను నాలుగు వైపులా 2 సెంటీమీటర్లు ఎక్కువగా కత్తిరించండి. మూల దగ్గర రెండు వైపులా టేపు ముక్కలంటించి లాగితే వెనకున్న పల్చటి పొర ఊడుతుంది. గాజునీ జిగురు వైపునీ బాగా తడిపి పరిచి, స్క్వీజీతో (రబ్బరు అంచున్న గీకుడు పలకతో) మధ్య నుంచి అంచులకు నీళ్లు నెట్టండి. మిగిలిన నీటి బుడగలు, పాలలాంటి మసక కొన్ని రోజుల్లో ఆరిపోతాయి. దుమ్ము రేణువు చుట్టూ ఏర్పడ్డ బొడిపె మాత్రం పోదు, అందుకే ఫ్యాన్ ఆపేసి పని చేయాలి. ఫిల్మ్ స్క్రీన్ వైపు ఉంటే తుడిచినప్పుడు గీతలు పడవు. ఎంత జాగ్రత్తగా అంటించినా ప్రతిబింబంలో నారింజ తొక్కలాంటి సన్నటి గరుకు కనిపించవచ్చు. ముఖం చూసుకునే అద్దానికి ఇది పనికిరాదు, ప్రయత్నించి చూడటానికైతే చాలు.

ఫిల్మ్‌ను యాక్రిలిక్ (గాజులా కనిపించే ప్లాస్టిక్) మీద అంటించకండి. యాక్రిలిక్‌లోని తేమ, వాయువులు మెల్లగా బయటికొచ్చి వారాల తర్వాత కూడా బుడగలు లేపుతాయి. పూత వేసి వచ్చే టూ-వే యాక్రిలిక్‌కు ఆ బెడద లేదు కానీ 3 మిల్లీమీటర్ల పలక పెద్ద సైజులో వంగి ముఖాన్ని సాగదీస్తుంది. చిన్న అద్దానికి సరిపోతుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్ తగిలితే పాడవుతుంది.

బరువు సమస్య కాకపోతే గాజే మేలు. 60×40 సెంటీమీటర్ల, 4 మిల్లీమీటర్ల గాజు సుమారు 2.4 కిలోలు, అదే కొలత యాక్రిలిక్ 1.15 కిలోలు. బాత్రూమ్‌కు టెంపర్డ్ (వేడి చేసి గట్టిపరిచిన) గాజు తీసుకోండి. అయితే దాన్ని తర్వాత కోయలేం కనుక ఫ్రేమ్ కొలతలు ఖరారయ్యాకే ఆర్డర్ ఇవ్వాలి. పూత ఏ వైపుందో తెలియాలంటే గోరు కొన ఆనించండి: గోరూ దాని ప్రతిబింబమూ ఖాళీ లేకుండా తాకితే అదే పూత వైపు. అది మనిషి వైపుండాలి, తిప్పి పెడితే ప్రతిబింబానికి నీడలా రెండో బొమ్మ తోడవుతుంది.

స్క్రీన్‌ను పలకకు వీలైనంత దగ్గరగా ఆనించండి, ఖాళీ ఉంటే అక్షరాలు అద్దం లోతున ఎక్కడో తేలుతున్నట్టుంటాయి. స్క్రీన్ లేని భాగం వెనక నల్ల కాగితమో నల్ల వినైలో అంటించకపోతే ఫ్రేమ్, తీగలు బయటికి కనిపిస్తాయి. అంత చేసినా చీకట్లో బూడిదరంగు దీర్ఘచతురస్రం కనబడుతుంటే తప్పు పలకది కాదు, ఎల్‌సీడీ స్క్రీన్ లోపల వెలిగే బ్యాక్‌లైట్‌ది. ఎల్‌సీడీల్లో ఐపీఎస్, వీఏ అని రకాలున్నాయి. ఐపీఎస్ ప్యానెల్ కాంట్రాస్ట్ (తెలుపు నలుపు కంటే ఎన్ని రెట్లు ప్రకాశవంతమో చెప్పే అంకె) సుమారు 1000:1, వీఏ ప్యానెల్‌ది సుమారు 3000:1 ఉంటుంది కాబట్టి, రాత్రిపూట ఎక్కువగా వాడే అద్దానికి వీఏ ఎంచుకోండి.