కారు ఏసీ వెంట్: మార్చాలా, అక్కర్లేదా?

కొత్త వెంట్ (డ్యాష్‌బోర్డులో ఏసీ గాలి బయటికొచ్చే రెక్కల కిటికీ) కొనడానికి షాపుకు వెళ్లే ముందు చిన్న పరీక్ష చేయండి. ఇంజన్ స్టార్ట్ చేసి, బ్లోయర్ (గాలి తోసే ఫ్యాను) ఫుల్లులో పెట్టి, గాలి ఎటు రావాలో మార్చే మోడ్ నాబ్‌ను ముఖం బొమ్మ మీదికి తిప్పండి. నాలుగు వెంట్లనూ తెరిచి ఒక్కోదాని దగ్గర చెయ్యి పెట్టి చూడండి. అన్నింట్లోనూ గాలి మందంగా వస్తుంటే తప్పు వెంట్లది కాదు.

మోత ఉంది, గాలి లేదు

ముందు అనుమానించాల్సింది క్యాబిన్ ఫిల్టర్‌ని, అంటే కారులోకి వచ్చే గాలిలో దుమ్ము పట్టే జల్లెడని. చాలా కార్లలో అది గ్లవ్‌బాక్స్ వెనకే ఉంటుంది. బాక్సు తెరిచి రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందికి వాలుతుంది, వెనక మూత తీసి ఫిల్టర్ లాగేయడమే. దాని మీద బాణం గుర్తు ఎటు ఉందో చూసుకుని, తిరిగి అలాగే పెట్టాలి. కాగితం ఫిల్టర్‌ని నీళ్లతో కడగొద్దు.

మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్ల లెక్క మన శ్రీకాకుళం దారులకు సరిపోదు. టెక్కలి వైపు గ్రానైట్ లారీల దుమ్ము ఒకెత్తు, నూర్పుల రోజుల్లో రోడ్ల మీద లేచే వరి పొట్టు ఒకెత్తు. బయటి గాలి లోపలికి పోయే దారి ముందు అద్దం అడుగునే ఉంటుంది కాబట్టి ఆ పొట్టంతా అక్కడ చేరుతుంది. కోతలయ్యాక ఒకసారి ఫిల్టర్ తీసి చూసుకోవాలి. నూర్పిడి జరిగే చోట రీసర్క్యులేషన్ బటన్ (బయటి గాలి ఆపి లోపలి గాలినే తిప్పేది) నొక్కితే సగం బాధ తప్పుతుంది.

బ్లోయర్ ఆఖరి నంబరు మీదే తిరుగుతోంది

నాబ్ తిప్పే ఏసీల్లో ఇది రెసిస్టర్ (బ్లోయర్ వేగాన్ని తగ్గించే భాగం) కాలిపోయిన లక్షణం. కొత్తది వేశాక మళ్లీ కాలితే బ్లోయర్ మోటారు బిగుసుకుందేమో చూపించండి.

రెక్క కిందికి వాలిపోతోంది, లేదా మిగతావాటితో కలిసి కదలడం లేదు

అసలు వెంట్ జబ్బు ఇది. కారణం చాలాసార్లు కళ్లెదుటే ఉంటుంది: రెక్కకు తగిలించిన మొబైల్ హోల్డర్, లేకపోతే సెంటు సీసా. రెక్కలన్నిటినీ వెనకాల ఒక సన్నటి ప్లాస్టిక్ పుల్ల కలుపుతుంది. ఫోను బరువు ఒక్క రెక్క మీదే పడి, గతుకుల్లో ఊగి ఊగి, ఆ పుల్లలో కూర్చున్న చిన్న మొన ఊడుతుంది, లేదా విరుగుతుంది. ఊడితే ట్వీజర్‌తో తిరిగి నొక్కేయొచ్చు. విరిగితే ఫెవిక్విక్ జోలికి పోవద్దు. అది ఆ నున్నటి ప్లాస్టిక్‌కు సరిగ్గా పట్టదు, పైగా పక్కకు కారి కదిలే రెక్కల్ని కూడా అంటించేస్తుంది.

విడి రెక్క దొరకడం కష్టం. మొత్తం వెంట్ మార్చడమే దారి. షాపులో ఛాసిస్ నంబరు చెప్పి, ఎడమదా కుడిదా స్పష్టంగా అడగండి, రెండూ ఒకటి కావు.

విప్పేటప్పుడు డ్యాష్‌బోర్డు అంచు చుట్టూ మాస్కింగ్ టేపు వేయండి. స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే సొట్ట ఖాయం, ప్లాస్టిక్ ట్రిమ్ టూల్ వాడండి. రెక్కల్ని పట్టుకుని లాగొద్దు. ఫ్రేము అంచులో టూల్ దూర్చి ఒక్కో క్లిప్పునూ వదిలించుకుంటూ రావాలి. పక్కన ఉండే గుండ్రటి వెంట్లు చాలావరకు ఇలాగే వచ్చేస్తాయి. మధ్యవాటికి దాగిన స్క్రూలుంటాయి, హజార్డ్ స్విచ్ (నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగించేది) వైరు కూడా అక్కడే ఉండొచ్చు. గట్టిగా లాగితే వైరు తెగుతుంది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న వైపు ప్యానెల్ విప్పాల్సి వస్తే మెకానిక్‌కే వదిలేయండి.

కొత్తది పెట్టే ముందు పాతదాని వెనక అంచుకు ఫోమ్ పట్టీ ఉందేమో చూడండి. కొత్తదానికి లేకపోతే అది తీసి దీనికి అంటించాలి. ఆ పట్టీ లేకపోయినా, ఒక క్లిప్పు సరిగ్గా కూర్చోకపోయినా గాలి డ్యాష్‌బోర్డు లోపలికి పోతుంది, ఫుల్లులో పెడితే ఈల కూడా వినిపిస్తుంది.

కాళ్ల దగ్గర మ్యాట్ తడి

దీనికీ వెంట్‌కీ సంబంధం లేదు. చాలాసార్లు ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం పూడుకుపోయి ఉంటుంది. అలాంటప్పుడు కారు కింద నుంచి ఆ గొట్టంలోకి గాలి కొట్టిస్తే చాలు. ఇనప తీగ పొడిస్తే లోపలి కాయిల్‌కు చిల్లు పడొచ్చు.