ట్రాకర్‌లో స్వరం ఎక్కడ ఆపాలి

నల్గొండ వైపు బతుకమ్మ పాటలకు రెనాయిజ్‌లో (స్వరాలను పై నుంచి కిందికి వరుసలుగా రాసే ట్రాకర్ సాఫ్ట్‌వేర్) ట్రాక్ కట్టేవారికి, వీఎస్‌టీ (కంప్యూటర్‌లో వాయిద్యంగా పనిచేసే ప్లగిన్) హార్మోనియం స్వరం ఆగవలసిన చోట ఆగక తర్వాతి చరణంలోకి మోగుతూ పోవడం తరచూ ఎదురయ్యే చిరాకు. ఎడిట్ మోడ్‌లో (నొక్కింది ట్రాక్‌లో నమోదయ్యే స్థితిలో) ఉండి, స్వరం ఆగవలసిన వరుసలో, అదే నోట్ కాలమ్‌లో క్యాప్స్ లాక్ నొక్కితే ‘ఆఫ్’ పడుతుంది. వరుస మధ్యలోనే ఆపాలనుకుంటే డిలే కాలమ్ (వరుస మొదలయ్యాక ఎంత ఆలస్యం కావాలో రాసే నిలువు గడి) తెరిచి ఆ ఆఫ్ పక్కన 80 అని రాయాలి; ఇక్కడి లెక్క వందకు కాక 256 భాగాలకు, అదీ హెక్సాడెసిమల్‌లో (పదికి బదులు 16 ఆధారంగా లెక్కించే పద్ధతిలో) నడుస్తుంది కనుక 80 అంటే 128, అనగా సగం వరుస, 40 అంటే 64, అనగా పావు వరుస అవుతుంది. నిమిషానికి 120 బీట్లు, బీటుకు 4 వరుసలు ఉన్నప్పుడు సగం వరుస సుమారు 0.06 సెకను మాత్రమే. చప్పట్ల పాటకు ఇంతకన్నా సూక్ష్మత అక్కరలేదు. అయితే వాయిద్యంలో రిలీజ్ (స్వరం ఆపాక శబ్దం అణగడానికి పట్టే సమయం) ఎక్కువగా పెట్టి ఉంటే ఆఫ్ తర్వాత కూడా శబ్దం సాగుతుంది కాబట్టి ముందు దానిని తగ్గించాలి. డ్రమ్ వీఎస్‌టీలు చాలావరకు ఆఫ్‌ను పట్టించుకోవు.